ఒంటికి శాంపిల్ తీసిన రోజు

రొయ్యల గుంట ఎలా ఉందని అడిగితే మా ఆయన నిజం చెప్పగా నేను ఇంతవరకూ వినలేదు. ఆయనొక్కడే కాదు, అల్లూరికి తూర్పున సముద్రం వైపు గుంటలు వేసుకున్న వాళ్ళెవరూ చెప్పరు. రొయ్యలు బాగా పెరుగుతుంటే "ఏదో ఉండాయిలే" అంటారు, దిష్టి తగులుతుందని. రోగం పడితే "బెమ్మాండంగా ఉండాయి" అంటారు, ఆ మాట కొనేవాళ్ళ చెవిన పడితే రేటు కోసేస్తారని. మా వరి మడి గుంటగా మారిన కొత్తలో ఈ తిరకాసు నాకు తెలియదు. ఒకరోజు ఆయన బెమ్మాండం అన్నాడని సంబరపడి పాయసం వండాను. మర్నాటికల్లా రొయ్యలన్నీ చచ్చి కట్టకి కొట్టుకొచ్చాయి. పాయసం గిన్నె చూసి ఆయన నా మీద అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఒంటి సంగతీ అంతే. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా "నాకేంది, రాయి మాదిరుండా" అంటాడు. ఆయనకి అరవై అయిదు దాటింది, నాకు అరవై దాటింది. ఆయనకి ఏళ్ళ తరబడి బీపీ. నాకు చక్కెర జబ్బు, మోకాళ్ళ నొప్పి. ఇరవై ఏళ్ళు ప్రైవేటు బడిలో తెలుగు పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి నాకు నోరు ఎక్కువ, గుంట కాడ పెరిగిన గుట్టు కాబట్టి ఆయనకి నోరు తక్కువ. మా కాపురం ఈ రెండింటి మధ్య నడిచింది.

ఆయన తెల్లారకముందే మేత వేయడానికి గుంటకి వెళతాడు. టిఫిను అక్కడికే పట్టుకెళతాడు. క్యారియర్ పై గిన్నెలో ఇడ్లీల పక్కన బీపీ మాత్ర కాగితంలో మడిచి పెట్టడం నా పని. గిన్నె ఖాళీగా తిరిగొస్తే నాకు నిశ్చింత. ఆ నిశ్చింత కూడా ఎంతసేపులే! మధ్యాహ్నం ఆయన రావడం కాస్త ఆలస్యమైతే ఫోను చేస్తాను. ఎత్తకపోతే మళ్ళీ చేస్తాను. ఏరియేటర్ల హోరులో వినబడలేదంటాడు. నీళ్ళలో ఆ చక్రాలు తిరిగే చప్పుడు నాకూ తెలుసు, అయినా ఫోను మోగి మోగి ఆగిపోయిన ప్రతిసారీ భయంతో గేటు దాకా వెళ్ళి చూస్తాను.

ఈ భయానికి కారణం మా బావగారు, అంటే మా ఆయన పెద్దన్న. పోయినేడు ఆయనకి గుండె ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. మనిషి దక్కాడు, దేవుడి దయ. ఆ ఖర్చుకి అమ్మేయడంతో రోడ్డు పక్క ఉన్న పొలం మాత్రం పోయింది. ఇప్పుడు అల్లూరు బస్సులో వెళుతూ ఆ పొలం దగ్గరికి రాగానే బావగారు అవతలి వైపు కిటికీలోకి చూస్తారు. ఒకసారి ఆయన పక్క సీట్లో నేనే ఉన్నాను. చూసి చూడనట్టు చేతిలో టికెట్టు మడత పెడుతూ కూర్చున్నాను.

అప్పట్నించి మా ఆయనకి ఒకటే ఆలోచన. ఒకరోజు అన్నం తింటూ తింటూ ఆగి అన్నాడు: "ఇదిగో, నాకేదన్నా అయితే నువ్వు దేన్నీ అమ్మబాక. పోతే నేనే పోతా. గుంట నీకుండాల."

"అన్నం ముందు కూర్చుని ఏం మాటలండీ అవి? నోటికి అడ్డూ అదుపూ ఉండక్కర్లా?" అని కసిరాను. కసిరానే గానీ ఆ పూట నాకూ ముద్ద దిగలేదు. సర్కారు ఉచిత వైద్యానికి మాకు తెల్లకార్డు లేదు, గుంటలున్న వాళ్ళం కదా. డెబ్భై దాటిన వాళ్ళకి సర్కారు కార్డు ఏదో ఇస్తున్నారంటారు, దానికి ఆయనకింకా టైముంది. మాలాగ మధ్యలో వేలాడేవాళ్ళు ప్రీమియం కట్టి ఆరోగ్య బీమా పాలసీ తీసుకోవాల్సిందే.

మా అమ్మాయి నెల్లూరులో ఉంటుంది, కాలేజీలో లెక్కలు చెబుతుంది. పాలసీ మాట ఎత్తింది అదే. ఒక ఆదివారం వచ్చి, ఫోను తెరిచి, మా ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ముందు నన్ను అడిగింది. నేను అన్నీ చెప్పాను. చక్కెర, మోకాళ్ళు, ఎప్పుడో తీయించుకున్న గర్భసంచి, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ మా ఆయన నన్ను కొరకొరా చూస్తున్నాడు.

"నీకు నోట్లో నువ్వుగింజ నానదే! అట్ట ఏకరువు పెడితే ఎవడిస్తాడు నీకు పాలసీ?" అన్నాడు.

"అడిగింది చెప్పకపోతే రేపు అవసరానికి వాళ్ళు డబ్బివ్వరు నాన్నా. దాచిపెట్టినారు పొమ్మంటారు" అంది అమ్మాయి. "ఇక నీ సంగతి. బీపీ ఉందని రాస్తుండా."

"రాయబాక."

"ఎట్టా రాయకుండా? వాళ్ళు టెస్టు చేయిస్తారు, అందులో పడతాది."

"ఏం పడదు. అది నేను చూసుకుంటా" అని తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఎచ్చులు పోతున్నాడులే అనుకున్నాం ఇద్దరం. అమ్మాయి ఆ ఒక్క చోటు ఖాళీగా వదిలేసింది. కంపెనీ వాళ్ళు ఫోను చేసి ఎలాగూ అడుగుతారు, ఆయన నోటితోనే ఆయన్ని చెప్పనీ అంది.

ఆ ఫోను వచ్చినప్పుడు నేను గుంట కట్ట మీదే ఉన్నాను. కాఫీ తీసుకెళ్ళాను. ఆయన మేత వేసి నీళ్ళలో దించిన చెక్ ట్రే పైకి లాగి, రొయ్యలు మేత తిన్నాయో లేదో ఒక్కోదాన్ని వెలుతురుకి పట్టి చూస్తున్నాడు. పేగు నిండుగా ఉందా, పెంకు గట్టిగా ఉందా, మీసాలు సరిగ్గా ఉన్నాయా అని వేలెడంత రొయ్యని అంత శ్రద్ధగా చూసే మనిషి, ఫోనులో కంపెనీ అమ్మాయి గుండె సంగతీ బీపీ సంగతీ అడుగుతుంటే "లేదమ్మా... అదీ లేదమ్మా... ఏ మందూ లేదు, రాయి మాదిరుండా" అని చకచకా చెప్పేస్తున్నాడు. నేను చేతులు ఊపాను. తల కొట్టుకున్నాను. ఆయన వీపు తిప్పేశాడు.

ఫోను పెట్టగానే అడిగాను. "ఏమయ్యా, ఎందుకా అబద్ధాలు?" మామూలుగా 'ఏవండీ' అంటాను, కోపమొస్తే అది 'ఏమయ్యా' అవుతుంది.

"గమ్మునుండు. చెప్తే ఇవ్వరు. పెద్దన్న మాదిరి అమ్ముకోమంటావా?"

కాఫీ గ్లాసు తీసుకుని ఇంటికొచ్చేశాను. కంపెనీకి నేనే ఫోను చేసి చెబుదామా అనుకున్నాను. చెబితే ఆయన పాలసీ పోతుందేమో. చెప్పకపోతే రేపు పాలసీ ఉండి కూడా పనికిరాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎలాగూ టెస్టుకి మనిషి వస్తారు, చేతికి పట్టీ కట్టి చూస్తే బీపీ మిషనే చెబుతుంది అని సర్దుకున్నాను. సర్దుకున్నానన్న మాటే గానీ కూర మాడ్చడం, చేసిన ఫోనే మళ్ళీ చేయడం ఎక్కువైంది.

విచిత్రమేమంటే ఆ వారాల్లో ఆయన బుద్ధిమంతుడైపోయాడు. చేపల పులుసులో నేను ఉప్పు తగ్గించి వండితే ఎప్పుడూ రెండో ముద్దకే ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాచేవాడు, ఇప్పుడు చాచడం లేదు. ఆవకాయ జాడీ పక్కకి జరిపేశాడు. ఎండు చేప వాసన వస్తే లేచి వెళుతున్నాడు. బార్లీ నీళ్ళు అడిగి మరీ తాగుతున్నాడు, సాయంత్రం కట్ట చుట్టూ గబగబా నడుస్తున్నాడు. ఇన్నాళ్ళూ నేను గొంతు చించుకున్నవన్నీ తనంతట తనే చేస్తుంటే నాకు సంతోషమేసింది. మా అమ్మాయికి ఫోను చేసి మరీ చెప్పాను.

కానీ ఆయన మొహం ఎర్రబడి ఉండేది. నుదుటికి తుండుగుడ్డ బిగించి కట్టుకునేవాడు. "తలనొప్పా?" అంటే "ఎండ" అనేవాడు. "మాత్ర వేసుకున్నారా?" అంటే "ఆఁ" అనేవాడు. గిన్నె చూస్తే ఖాళీగానే వచ్చేది. నాకేదో తేడా కొడుతూనే ఉంది. అదేమిటో పట్టుకోలేక ఊరికే ఆయన చుట్టూ తిరుగుతుండేదాన్ని, ఆయన విసుక్కునేవాడు.

టెస్టు రోజు వచ్చింది. నెల్లూరు నించి ఒక నర్సమ్మ స్కూటీ మీద వచ్చింది, నాకంటే నాలుగైదేళ్ళు చిన్నదేమో. పొద్దున్నే పరగడుపున రక్తం తీయాలంది. ముందు నాది తీసింది. ఆ తర్వాత మా ఆయన వచ్చి, మడత నలగని చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కుర్చీలో కూర్చున్నాడు. నర్సమ్మ చేతికి పట్టీ కట్టి బీపీ చూసింది. ఇంకోసారి చూసింది. మిషన్ పక్కనపెట్టి, సంచిలోంచి ఇంకో మిషన్ తీసి రెండో చేతికి కట్టి చూసింది.

నేను కుర్చీ దగ్గరికి జరిగాను. "ఏమ్మా, ఎంతుంది?" అన్నాను.

ఆమె ఆయన్నే అడిగింది. "అయ్యా, మీకు తల తిరగతా ఉందా? బీపీ మాత్రలు వాడతారా?"

"లేదమ్మా, నాకు బీపీనే లేదు."

ఇక నావల్ల కాలేదు. "ఉందమ్మా! ఏళ్ళబట్టీ ఉంది. ఈరోజు కూడా మాత్ర నేనే ఇచ్చాను. పరగడుపైనా బీపీ మాత్ర వేసుకోవచ్చన్నారని నీళ్ళ గ్లాసుతో సహా చేతికిచ్చాను. వేసుకున్నారు కదండీ? చెప్పండి!"

దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాడు మనిషి. నర్సమ్మ నెమ్మదిగా, కోపం లేకుండా మళ్ళీ అడిగింది. అప్పుడు నేల చూస్తూ చెప్పాడు. "ఆపేసినా. పున్నమి కాణ్ణించి వేసుకోవడం లా."

"ఎందుకు ఆపినారు?"

"మీరు రక్తం తీస్తారు కదా. మందు ఆనవాలు కనపడితే పాలసీ ఇవ్వరని."

నర్సమ్మకి అర్థం కాలేదు. నాకు మాత్రం వెంటనే అర్థమైంది. ఇది మా గుంటల లెక్క. రొయ్యలకి రోగమొస్తే నీళ్ళలో, మేతలో మందులు కలుపుతారు. పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి అమ్మడానికి, కొన్ని వారాల ముందే ఆ మందులన్నీ ఆపేస్తారు. ఎగుమతి కంపెనీ వాళ్ళు వచ్చి శాంపిల్ తీసుకుపోతారు కదా, అందులో మందు ఆనవాలు కనబడితే ఆ గుంట వైపు మళ్ళీ చూడరు. ఎప్పుడు ఆపాలో మా వైపు రైతులందరికీ నోటికొచ్చు. మా ఆయన తన ఒంటికి కూడా అదే చేశాడు. ఉప్పు మానడం, నడవడం, బార్లీ నీళ్ళు తాగడం, అదంతా పట్టుబడికి ముందు గుంటకి చేసే ఉపచారం.

"ఉప్పు మానేసినా కదమ్మా, అదే దిగుతాదనుకున్నా" అన్నాడు.

"మరి నేనిచ్చిన మాత్రలేం చేశావయ్యా?" అని అరిచాను.

"కట్ట మీద పాతిపెట్టినా. గుంటలో వేస్తే రొయ్యలకి పట్టుకుంటాది కదా."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రొయ్యల ఒంట్లోకి తన మందు పోకూడదని జాగ్రత్తపడ్డాడు మహానుభావుడు! ఒకటికి రెండు తగిలించేదాన్నే. కానీ నర్సమ్మ సూదులూ సీసాలూ తీయకుండా సంచి మూసేస్తోంది. "రక్తం తర్వాత చూసుకుందాం. ముందు నెల్లూరు పొయ్యి డాక్టరుకి చూపించండి. ఇంత బీపీ పెట్టుకుని ఇంట్లో కూర్చోకూడదు" అంది.

"మేత టైమైంది. సాయంత్రం పోతాంలే" అని లేచాడాయన. రక్తం తీస్తారని ఎత్తి మడిచిన చొక్కా చేతిని దించుకుని, మణికట్టు దగ్గర బొత్తాం పెట్టుకోబోయాడు. ఎడమ చేతి వేళ్ళకి అది దొరకడం లేదు. మళ్ళీ ప్రయత్నించాడు. "చెయ్యి తిమ్మిరెక్కినట్టుండాది" అన్నాడు. ఆ మాట కూడా ముద్దగా వచ్చింది, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు.

నర్సమ్మ గబుక్కున ఆయన ముందుకొచ్చి నిలబడింది. "అయ్యా, ఒకసారి నవ్వండి" అంది. ఆయన నవ్వాడు. మూతి ఒక పక్కకే కదిలింది. నా జీవితంలో నేను చూసిన నవ్వులన్నిటిలో నాకు భయమేసిన నవ్వు అదొక్కటే.

"కారు పిలవండమ్మా, ఆగబాకండి. స్కాను ఉండే పెద్దాస్పత్రికే తీసుకుపోండి. నోట్లో ఏమీ పెట్టబాకండి, మాత్ర గూడా వద్దు" అని నర్సమ్మ చెబుతోంది. నేను అప్పటికే గేటు బయటికి పరుగెత్తాను. మోకాళ్ళ నొప్పి ఎక్కడికి పోయిందో తెలియదు. మా పక్క గుంట రైతుకి కారుంది. ఆయన మా ఆయనకి వరసకి తమ్ముడవుతాడు, నన్ను వదినా అంటాడు. బనీను మీద ఉన్నవాడు ఉన్నట్టే వచ్చి కారు తీశాడు. ఇద్దరం కలిసి మా ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టాం. ఎడమ కాలు లోపలికి రాకపోతే నేనే ఎత్తి పెట్టాను, నా చేతికి ఎంత బరువుగా తగిలిందో.

దారి పొడుగునా ఆయన తల నా భుజం మీద. నిద్రపోనివ్వకూడదనిపించి మాట్లాడిస్తూనే ఉన్నాను. అమ్మాయి పుట్టిన ఊరేది, పోయిన పంటకి రొయ్య పిల్ల ఎక్కడ తెచ్చావు, మీ అమ్మ పేరేంటి అని పిచ్చి ప్రశ్నలన్నీ అడిగాను. రొయ్య పిల్ల కొన్న హేచరీ పేరు చెప్పాడు. వాళ్ళమ్మ పేరు చెప్పలేకపోయాడు. తెలుసు, నోరు తిరగడం లేదు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేనే ఆ పేరు చెప్పి, "అవునా కాదా?" అంటే తల ఊపాడు. కోవూరు దాటాక ధాన్యం లారీలు అడ్డం. పెన్న వంతెన మీద కారు ఆగి ఆగి కదిలింది. పక్క గుంట రైతు హారన్ మీదనుంచి చెయ్యి తీయలేదు, "జరగండయ్యా సామీ, జరగండి" అని కిటికీలోంచి అరుస్తూనే ఉన్నాడు. నేను కనబడిన దేవుళ్ళకీ కనబడని దేవుళ్ళకీ మొక్కాను.

ఆసుపత్రిలో తల స్కాన్ తీశారు. మెదడుకి పోయే రక్తనాళంలో గడ్డ అడ్డం పడిందన్నారు. ముందు బీపీ దించి, తర్వాత గడ్డ కరగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. వేళ మించకముందే తెచ్చారు కాబట్టి ఇవ్వగలిగామన్నాడు డాక్టరు. ఏ మందులు వాడుతున్నారని అడిగితే మొత్తం కథ చెప్పాను. డాక్టరు కలం పట్టుకుని అలాగే నా మొహంలోకి చూశాడు. "మందు ఆపితే జబ్బు దాక్కుంటుందా అమ్మా?" అన్నాడు. అదే ప్రశ్న నేను మా ఆయన్ని అడగాలి. కానీ అద్దాల తలుపు అవతల ఆయన గొట్టాల మధ్య పడుకుని ఉన్నాడు, ఎవర్ని అడుగుతాను?

మా అమ్మాయి కాలేజీ నించి అలాగే వచ్చింది. నన్ను చూడగానే ఏడ్చింది. "ఆ ఖాళీ నేనే నింపి ఉంటే సరిపొయ్యేది కదమ్మా" అని ఒకటే అంది. దాన్ని పట్టుకుని నేనూ ఏడ్చాను. ఆ ఏడుపులో ఆయన మీద కోపం ఎంత, ఆయన పోతాడేమోనన్న భయం ఎంత అంటే చెప్పలేను. పోతే ఎలా బతకాలి అన్నది కాదు నా భయం. నా కోసమని, నేను గుంట అమ్ముకోకూడదని, ఈ మనిషి తన ప్రాణం మీదికి తెచ్చుకున్నాడే, ఈ బరువు మోస్తూ ఎలా బతకాలి అని.

బతికాడు. మాట రెండు మూడు రోజుల్లో సాఫీ అయింది. కాలు నెమ్మదిగా స్వాధీనంలోకి వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు. భుజం దాకా ఎత్తుతాడు గానీ వేళ్ళలో పట్టు లేదు. ఇంటికొచ్చాక ఆయన చేసిన మొదటి పని నన్ను తిట్టడం, ఇడ్లీలో ఉప్పు లేదని. ఆ తిట్టు విని నా ప్రాణం లేచొచ్చింది.

తర్వాత కొన్నాళ్ళకి పాలసీ సంగతి తేలింది. నాకు ఇచ్చారు. చక్కెర, మోకాళ్ళు అన్నీ చెప్పుకున్న నాకు కాస్త ప్రీమియం పెంచి, ఉన్న జబ్బులకి మాత్రం కొన్నేళ్ళు ఆగాలని చెప్పి ఇచ్చారు. ఆయనకి ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో అడుగుదామని అమ్మాయి కంపెనీకి ఫోను చేసి, మాకూ వినబడేట్టు పెట్టింది. అవతల మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే చెప్పింది. పక్షవాతం వచ్చి ఇంకా కోలుకుంటున్న మనిషికి ఇప్పుడివ్వలేమంది.

"ముందే బీపీ ఉందని చెప్పుంటే?" అని అడిగింది మా అమ్మాయి.

"మాత్రలతో అదుపులో ఉంటే బీపీకి ఎవరూ కాదనరు మేడం. ఈ వయసులో చాలామందికి ఉండేదే కదా" అంది.

మా ఆయన మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. కుడి చేత్తో ఎడమ చేతి వేళ్ళు ఒక్కొక్కటే చాపుకుంటున్నాడు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, ఈయనైతే మందే మానేసి ఊడగొట్టుకున్నాడు అని అనబోయి, ఆయన మొహం చూసి మింగేశాను. తల ఎత్తకుండానే, "నీకొచ్చిందిగా, చాల్లే" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకొస్తే ఏం చేసుకోనయ్యా? నీకు కదా కావలసింది!" అని వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు ఎత్తి కుదేశాను.

ఇప్పుడు మాత్ర క్యారియర్‌లో పెట్టడం లేదు. పొద్దున్నే ఎదురుగా నిలబడి వేయిస్తాను, నోరు తెరిపించి నాలుక కింద కూడా చూస్తాను. "పోలీసు మాదిరి తయారైనావే" అంటాడు. అవును, అయ్యాను. చూడటానికి వచ్చిన వాళ్ళందరికీ అదే చెబుతున్నాను. పాలసీ తీసుకునేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఇంట్లో ఇంకొకర్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి, డాక్టరు ఆపమంటే తప్ప మాత్ర ఆపకండి, మూతి వంకర పోయినా చెయ్యి పడిపోయినా మాట తడబడినా నిమ్మకాయ నీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టకండి, బండెక్కించండి అని. చెప్పేవాడికి వినేవాడు లోకువ అనుకున్నా సరే. తలలూపుతారు. అరటిపళ్ళు పెట్టి వెళ్ళిపోతారు.

మొన్న పక్క గుంట రైతు వచ్చాడు. ఆ రోజు బనీను మీదే కారు నడిపిన వాడు, వంతెన మీద అరిచిన వాడు. ఆసుపత్రిలో నా పక్కన బెంచీ మీద కూర్చుని డాక్టరు మాటలన్నీ విన్నవాడు. మా ఆయన వసారాలో కుర్చీలో ఉన్నాడు, ఇద్దరూ మేత రేట్ల గురించి మాట్లాడుకున్నారు. నేను టీ ఇచ్చాను. గ్లాసు ఖాళీ చేశాక కూడా లేవకుండా అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి నాతో అన్నాడు:

"వదినా, తప్పుగా అనుకోబాక. నేనూ పాలసీ కడదామనుకుంటుండా. వచ్చే వారం టెస్టుకి వస్తారంట. నాకూ బీపీ ఉండాది, నీకు తెలుసు కదా."

"చెప్పేయండి. ఏం కాదు, ఇస్తారు" అన్నాను.

"అది సరేలే. అన్న మరీ ముందు నించి ఆపేసినాడు, అందుకే అట్టయింది. సరిగ్గా ఎన్నాళ్ళ ముందు ఆపితే సరిపోతాది?"

చేతిలో టీ పళ్ళెం ఉంది కాబట్టి బతికిపోయాడు. పళ్ళెం కింద పెట్టేశాను. తిట్లన్నీ కూడగట్టుకుని నోరు తెరిచేలోపు, కుర్చీలోంచి మా ఆయన పిలిచాడు.

"అబ్బయా, ఇట్టరా."

అవతలాయన లేచి వెళ్ళాడు. మా ఆయన ఎడమ చెయ్యి ముందుకి చాచాడు. "ఇది పట్టుకో. గట్టిగా పిసుకుతా, చూడు."

పక్క గుంట రైతు నవ్వుతూ ఆ చేతిలో చెయ్యి పెట్టి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. మా ఆయన పళ్ళు బిగించాడు. మెడ నరాలు తేలాయి, నుదుటి మీద చెమట పట్టింది. కాసేపు చూసి అవతలాయన అన్నాడు:

"ఊఁ, పిసకన్నా."

"పిసుకుతానే ఉండా" అన్నాడు మా ఆయన.